‘ప్రొమీథియస్’ నిజంగా అంత చెడ్డ సినిమానా? నా అభిప్రాయం ఎందుకు మారిందంటే

మీరు అడిగింది ఇది: “నాకు ‘ఏలియన్’ సిరీస్ అంటే ప్రాణం. కానీ ‘ప్రొమీథియస్’ను సగం మంది ఆకాశానికెత్తుతారు, సగం మంది తిట్టిపోస్తారు. మొదట తిట్టి, తర్వాత మనసు మార్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

నేనున్నాను. అయితే అప్పట్లో నేను పట్టిన తప్పులు తప్పులే కావని అనను. కొన్ని ఇప్పటికీ నాకు తప్పుల్లాగే కనిపిస్తాయి. ఆ సినిమా ఎవరి కథ అన్న విషయంలో మాత్రం నా ఆలోచన పూర్తిగా మారిపోయింది.

1979 నాటి ‘ఏలియన్’ను నేను డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో, ఫ్రెండ్ కంప్యూటర్‌లో చూశాను. అందులో ముగ్గురు మనుషులు ఒక పాడుబడ్డ అంతరిక్ష నౌకలోకి దిగుతారు. లోపల ఒక పెద్ద కుర్చీ, అందులో రాక్షసుడంత ఆకారం రాయిలా గట్టిపడిపోయి ఉంటుంది. పక్కటెముకలు లోపల్నుంచి బయటికి విరిగి ఉంటాయి. ఎవరతను? ఎక్కడికి బయల్దేరాడు? సినిమా ఒక్క ముక్క చెప్పదు. ఆ సీన్ తర్వాత నాకు రెండు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అందుకే 2012లో ‘ఏలియన్’ తీసిన దర్శకుడు రిడ్లీ స్కాటే వెనక్కి వెళ్ళి, ‘ప్రొమీథియస్’ పేరుతో దానికి ముందు కథ తీస్తున్నాడని తెలిసినప్పుడు నా ఆనందం అంతా ఇంతా కాదు. ట్రైలర్‌లో 1979 ట్రైలర్ నాటి ఆ సైరన్ లాంటి కేక వినగానే ఒళ్ళు జలదరించింది. జూన్‌లో హైదరాబాద్‌లో రిలీజైన మొదటి వారమే, మా ల్యాబ్‌లో పనిచేసే ముగ్గురం సెలవు పెట్టుకుని మరీ వెళ్ళాం.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను ఒక మందుల కంపెనీలో మైక్రోబయాలజిస్ట్‌ని. స్టెరైల్ ఏరియాలోకి వెళ్ళాలంటే తల నుంచి కాలి దాకా గౌను, రెండు జతల గ్లౌజులు, మాస్కు, గాగుల్స్. చేతులు మాటిమాటికీ ఆల్కహాల్‌తో తుడుచుకోవాలి. చర్మం కాస్త బయట కనిపించినా వెనక్కి పంపేస్తారు. అలాంటి నేను తెర మీద చూసిందేమిటి? మనిషిని చేసినవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళిన ఇంకో గ్రహం మీద, ఎవరు కట్టారో తెలియని గుహలో నడుస్తూ హాలోవే అనే శాస్త్రవేత్త గాలి పీల్చుకోవడానికి బాగుందని హెల్మెట్ తీసేస్తాడు. ఊపిరాడుతుంది అన్నదానికీ, అందులో సూక్ష్మజీవులు లేవు అన్నదానికీ సంబంధం ఏమిటి? మేం ముగ్గురం ఒకేసారి “అయ్యో” అన్నాం. ఆ తర్వాత సొంత డ్రోన్లతో గుహ మొత్తాన్ని మ్యాపు చేయించిన ఫైఫీల్డే దారి తప్పుతాడు. రెండు వేల ఏళ్ళ నాటి శవాన్ని చూసి భయపడి వెనక్కి పరిగెత్తిన జీవశాస్త్రవేత్త మిల్‌బర్న్, బతికున్న పాములాంటి జంతువు పడగ విప్పితే దాన్ని ముద్దు చేస్తూ చెయ్యి చాస్తాడు. నాకు కోపం ఆగలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ చివర్లో తగిలింది. ఆ కుర్చీలో కూర్చున్నవాడి సంగతి చెప్తారనుకున్నాను. చెప్పలేదు! ఈ కథ జరిగేది ఎల్‌వి-223 మీద. పాత సినిమాలో నౌక పడి ఉన్నది ఎల్‌వి-426 మీద. గ్రహమే వేరు. ఇందులో ఇంజనీరు (మనిషిని చేసిన ఆ మహాకాయులకు సినిమాలో పెట్టిన పేరు) కుర్చీలో కాకుండా, యాత్రను పర్యవేక్షించే కంపెనీ అధికారిణి విక్కర్స్ లైఫ్‌బోటులో చస్తాడు. ఇంటికొచ్చి మా అక్కకి ఫోన్ చేసి అరగంట తిట్టాను.

దీని వెనక ఒక కారణం ఉందని తర్వాత తెలిసింది. జాన్ స్పేట్స్ మొదట రాసిన స్క్రిప్టు నేరుగా ‘ఏలియన్’కు ముందు కథే. తర్వాత డేమన్ లిండెలాఫ్ వచ్చి ఆ పాత జంతువును, పాత ముడులను పక్కకు జరిపి, మనిషిని చేసినవాడు ఎవరు అనే ప్రశ్నను ముందుకు తెచ్చాడు. అంటే నేను టికెట్ కొన్న సినిమా ఒకటి, వాళ్ళు తీసిన సినిమా ఒకటి.

నా అభిప్రాయం మారింది పోయిన వేసవిలో. మా అక్క కూతురు బీటెక్ రెండో సంవత్సరం, సెలవులకు మా ఇంటికొచ్చింది. ‘ఏలియన్’ సిరీస్‌లో ఒక్కటీ చూడలేదు. కాలక్రమంలో చూద్దామని అదే పట్టుబట్టి ‘ప్రొమీథియస్’ పెట్టించింది. నేను సోఫాలో పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉన్నాను.

సినిమా మొదలైన కాసేపటికి, నౌకలో ఉన్నవాళ్ళంతా నిద్ర లేచాక, వేలాండ్ అనే ముసలి కోటీశ్వరుడి హోలోగ్రామ్ వస్తుంది. ఈ యాత్రకు డబ్బు పెట్టింది అతనే. మీతో పాటు డేవిడ్ అని ఒకడు కూర్చున్నాడు, నాకు కొడుకుతో సమానం అంటాడు. కెమెరా డేవిడ్ మీదికి వెళ్తుంది. మైకేల్ ఫాస్‌బెండర్ ముఖంలో చిన్న నవ్వు, మెచ్చుకుంటే పిల్లలు నవ్వే నవ్వు. వెంటనే వేలాండ్ అంటాడు: కానీ వాడు మనిషి కాదు, ముసలివాడు కాడు, చావడు, ఆ వరం విలువ వాడికి తెలియదు, ఎందుకంటే అందుకు కావలసిన ఆత్మ వాడికి ఎప్పటికీ ఉండదు. డేవిడ్ పెదవుల మీది నవ్వు మెల్లగా ఆరిపోతుంది. ఒక్క కండర కదలిక, అంతే.

మా అమ్మాయి పాజ్ చేసింది. “అదేంటి పిన్నీ, అతని ఎదురుగానే అలా అంటాడు?” అంది.

2012లో నేను ఆ సీన్‌లో ఏం చేశానో నాకు గుర్తు. వేలాండ్ చెప్పే మిషన్ వివరాలు వింటూ, అందులో ఆ కుర్చీ ప్రస్తావన వస్తుందేమోనని ఎదురుచూశాను. డేవిడ్ ముఖం చూడనే లేదు. ఫోన్ పక్కన పెట్టేశాను. వేలాండ్ కొడుకు అన్నప్పుడు విక్కర్స్ కూడా అదే గదిలో ఉందని అప్పుడే గమనించాను. ఆమె అతని సొంత కూతురని చివర్లో గానీ బయటపడదు. మర మనిషిని కొడుకంటున్న తండ్రి మాటలు కన్నకూతురు నిలబడి వింటోంది. రెండోసారి చూసేవాళ్ళకే తెలిసే సంగతి అది.

అక్కడి నుంచి నాకు వేరే సినిమా కనిపించింది. అందరూ నిద్రలో ఉన్న రెండేళ్ళకు పైగా డేవిడ్ ఒక్కడే ఆ ఓడలో తిరుగుతాడు. సైకిల్ తొక్కుతూ బాస్కెట్‌బాల్ వేస్తాడు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చూసి పీటర్ ఓటూల్ లాగా జుట్టుకు రంగేసుకుంటాడు. ఇంజనీర్లతో మాట్లాడాల్సి వస్తుందని సంస్కృతం, ఇంగ్లీషు లాంటి భాషలకు మూలమనుకునే ఆది ఇండో-యూరోపియన్ భాష నేర్చుకుంటాడు. తెర మీద పాఠం చెప్పే మాస్టారు అనిల్ బిల్టూ నిజంగానే భాషావేత్త. డేవిడ్ వల్లె వేసే పాఠం ఆగస్ట్ ష్లైహర్ అనే జర్మన్ పండితుడు 1868లో ఆ పాత భాషను ఊహించి రాసిన చిన్న నీతికథ. గొర్రె, గుర్రాలు మాట్లాడుకునే కథ. మన ‘గుర్రం’ వేరుగానీ, సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘అశ్వం’ ఆ ఆదిభాష మాటకు మునిమనవరాలే. చెవి పెట్టి వింటే చుట్టరికం వినిపిస్తుంది.

ఆ కథేమిటో మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చదివింది. బరువులు లాగుతున్న గుర్రాల్ని చూసి గొర్రె, మనిషి మిమ్మల్ని తోలడం చూస్తే నా గుండె తరుక్కుపోతోంది అంటుంది. అందుకు గుర్రాలు, నీ ఉన్ని కత్తిరించి యజమాని వెచ్చని బట్ట కుట్టించుకుంటాడు, నీకు ఉన్నే మిగలదు, అది చూస్తే మాకూ అలాగే ఉంటుంది అంటాయి. అది విని గొర్రె పొలాల్లోకి పారిపోతుంది. యజమాని కోసం తయారైన డేవిడ్ ఒంటరిగా కూర్చుని నేర్చుకుంటున్న మొదటి పాఠం ఇది! తెలిసి పెట్టారో, భాషా పాఠాల్లో అది పేరున్న కథ కాబట్టి పెట్టారో, నాకు మాత్రం ఆ సీన్ ఇప్పుడు మామూలుగా అనిపించదు.

తర్వాత బిలియర్డ్స్ బల్ల దగ్గర సీన్. దేవుడి సమాధానం దొరకలేదని హాలోవే తాగుతూ కూర్చుంటాడు. మనుషులు నన్నెందుకు చేశారు అని డేవిడ్ అడుగుతాడు. చేయగలం కాబట్టి చేశాం అంటాడు హాలోవే. మిమ్మల్ని చేసినవాడు కూడా మీకు ఇదే జవాబు చెప్తే ఎంత నిరాశపడతారో ఊహించుకోండి అంటాడు డేవిడ్. హాలోవేకి ఆ మాట తలకెక్కదు. జవాబు కోసం ఎంతదాకా వెళ్తారు అని డేవిడ్ అడిగితే, ఏమైనా చేస్తాను అంటాడు హాలోవే. అప్పుడు డేవిడ్ గుహలోంచి తెచ్చిన నల్లటి ద్రవంలో, తన వేలి చివర ఉన్న చుక్కను అతని గ్లాసులో ముంచుతాడు. మొదటిసారి నాకు ఇది విలన్ పని. ఈసారి మా అమ్మాయి అంది: “పర్మిషన్ అడిగే చేశాడు కదా పిన్నీ.” చేసింది ఘోరమే. కానీ ఆ లెక్క ఎక్కడ నేర్చుకున్నాడో కనిపిస్తూనే ఉంది.

నేను కథలో కన్నం అనుకున్న ఇంకొకటి కన్నమే కాదని తేలింది. కడుపులో పెరుగుతున్న వింత జీవిని తీయించుకోవడానికి, హాలోవేతో కలిసి వచ్చిన శాస్త్రవేత్త ఎలిజబెత్ షా ఆపరేషన్ యంత్రం దగ్గరకు పరిగెత్తుతుంది. ఇది మగ పేషెంట్లకు మాత్రమే అంటుంది యంత్రం. టెన్షన్ పెంచడానికి పెట్టిన అడ్డంకి అనుకున్నాను అప్పుడు. కానీ ఆలోచించండి. ప్రపంచం మొత్తం మీద డజను మాత్రమే ఉన్న యంత్రం, ఒక స్త్రీ గదిలో ఉంది, అది మగవాళ్ళ కోసం సెట్ చేసి ఉంది. అంటే అది విక్కర్స్ కోసం కాదు. ఓడలో ఎక్కడో దాక్కున్న ముసలాయన కోసం. వేలాండ్ బతికే ఉన్నాడన్న రహస్యం మన కళ్ళ ముందే పెట్టారు.

మరి ఆ శాస్త్రవేత్తల తెలివితక్కువ పనులు? ఇక్కడ నా సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన ఎనిమిదో ఏడు, నైట్ షిఫ్ట్ చివర్లో సూక్ష్మజీవులను పెంచే ప్లేట్లు చూస్తున్నాను. ఒక ప్లేటులో ఫంగస్ కాలనీ, ముదురు ఆకుపచ్చ మఖమల్ గుడ్డలా, చుట్టూ తెల్లటి అంచు, మీద తేనె బొట్లలా పసుపు చుక్కలు. అంత అందమైనది నేనెప్పుడూ చూడలేదు. సేఫ్టీ క్యాబినెట్‌లోకి తీసుకెళ్ళకుండా, బల్ల మీదే మూత తీసి, ముఖం దగ్గరగా పెట్టి చూశాను. వెనకనుంచి మా సీనియర్ “ఏం చేస్తున్నావమ్మా?” అన్నాకగానీ నాకు స్పృహ రాలేదు. రూల్స్ అన్నీ నాకు కంఠతా వచ్చు. కొత్తవాళ్ళకి నేర్పేదాన్నే నేను.

మిల్‌బర్న్‌కు పట్టింది అదే. డిలీటెడ్ సీన్లలో ఒకటుంది. అతను ముందే ఒక చిన్న పురుగును పట్టుకుని, భూమి బయట దొరికిన మొదటి జీవి అని చిన్నపిల్లాడిలా గంతులేస్తాడు. అది చూశాక పాము దగ్గర అతని చెయ్యి ఎందుకు ముందుకు వెళ్ళిందో నాకు అర్థమైంది. ఆ నిమిషాన్ని కత్తిరించి సినిమా తన నెత్తిన తనే బండ వేసుకుంది.

ఫైఫీల్డ్ దారి తప్పడానికి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. దొర్లుకుంటూ వస్తున్న నౌక కింద పక్కకు తప్పుకోకుండా విక్కర్స్ సూటిగా పరిగెత్తడం కూడా అంతే. గై పియర్స్ ముసలి మేకప్ అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు.

ఐస్‌లాండ్‌లోని డెట్టిఫాస్ జలపాతం దగ్గర తీసిన మొదటి సీన్ ఈసారి వేరేగా తాకింది. తెల్లటి మహాకాయుడు నల్లటి ద్రవం తాగి, ఒళ్ళు ముక్కలై నీళ్ళలో కలుస్తాడు. అందులోంచి జీవం పుడుతుంది. సినిమా పేరు గ్రీకు పురాణానిదే అయినా, చిన్నప్పటి నుంచి ఇంట్లో పురుషసూక్తం విన్న నాకు ఆ యజ్ఞమే గుర్తొచ్చింది. చేసినవాడు ఒళ్ళిచ్చి చేశాడు. వేలాండ్ మాత్రం తనకు ఇంకొన్నేళ్ళు ఇమ్మని అడుక్కోవడానికి అంత దూరం వచ్చాడు. నిద్ర లేచిన ఇంజనీరుతో డేవిడ్ మాట్లాడే ఆ మాటకు సబ్‌టైటిల్ ఉండదు. ఇంజనీరు అతని తలను ఆప్యాయంగా నిమిరి, మరుక్షణం పీకేసి, ఆ తలతోనే వేలాండ్‌ను కొడతాడు. పోతూ పోతూ అక్కడేమీ లేదు అంటాడు వేలాండ్. నాకు తెలుసు, ప్రయాణం బాగా సాగాలి అంటుంది తెగిపడిన డేవిడ్ తల. థియేటర్‌లో ఆ మాటకు కొందరు నవ్వారు, నేనూ వాళ్ళలో ఉన్నాను. ఇంట్లో మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

2017లో వచ్చిన ‘ఏలియన్: కవనెంట్’ డేవిడ్ కథనే ముందుకు తీసుకెళ్తుంది, కానీ షాను తెర వెనకే చంపేసింది. జవాబు వెతుక్కుంటూ బయల్దేరిన మనిషికి అలాంటి ముగింపు ఇవ్వడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. 2024 నాటి ‘రోములస్’లో ఆ నల్లటి ద్రవం మళ్ళీ కథలోకి వచ్చింది.

మీరు మళ్ళీ చూసేటట్లయితే నాదొక్క సలహా. ఆ కుర్చీని మర్చిపోండి. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, హోలోగ్రామ్ సీన్ వచ్చినప్పుడు వేలాండ్‌ను చూడకుండా చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూడండి. ఆ మిల్‌బర్న్ డిలీటెడ్ సీన్ ముందే చూసి మొదలుపెట్టినా నష్టం లేదు.