తాతకు దగ్గులు నేర్పడం ఇంగ్లీషు నుంచి వచ్చిందా?

సందేహం: మా గురువుగారి సన్మానసభలో "మీ ఎదుట వ్యాకరణం గురించి మాట్లాడడం తాతకు దగ్గులు నేర్పడమే" అన్నాను. ఇది అవ్వకు గుడ్డు పీల్చడం నేర్పడమనే ఇంగ్లీషు సామెతకు అనువాదమనీ, పెద్దల ఎదుట అనదగిన మాట కాదనీ ఒక మిత్రుడు ఆక్షేపించారు. నిజమేనా?

సమాధానం: మీ మిత్రుని మొదటి ఆక్షేపణ నిలవదు, రెండవదానిలో న్యాయం ఉంది.

అవ్వను, గుడ్డును ముడిపెట్టిన ఇంగ్లీషు సామెత 1707లో జాన్ స్టీవెన్స్ చేసిన స్పానిష్ రచయిత కెవెదో రచనల అనువాదంలో కనిపిస్తుంది. తెలిసినవారికే తెలియనివారు పాఠం చెప్పబోవడంలోని హాస్యం మాత్రం అంతకన్న చాలా పాతది. గ్రీకులు దీనినే పంది జ్ఞానదేవత ఎథీనాకు నేర్పడమన్నారు. ఏథెన్సు వక్త డెమోస్తనీస్‌ను ఉద్దేశించి "ఇతడు నాకు నేర్పడమా? పంది ఎథీనాకు నేర్పినట్టుంది" అని సాటి వక్త డెమాడీస్ ఎద్దేవా చేయగా, "ఆ ఎథీనాయే మొన్న కొల్లిటస్ వాడలో వ్యభిచరిస్తూ పట్టుబడింది" అని డెమోస్తనీస్ తిప్పికొట్టాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. లాటిన్‌లో రోమన్ వక్త సిసెరో కూడ ఈ సామెతను వాడాడు. 1542లో డచ్చి పండితుడు ఎరాస్మస్ గ్రంథాన్ని ఇంగ్లీషు చేసిన నికొలస్ యూడాల్ ఈ పంది సామెతను ప్రస్తావించి, ఇంగ్లండులో తాము దీనికి బదులు ఇల్లాలికి నూలు వడకడం నేర్పడమంటామని వివరించాడు. అంటే అప్పటికే ఇంగ్లీషువారికి తమ సామెత తమకు ఉన్నదన్నమాట. భావం కలిసినంత మాత్రాన ఒకటి మరొకదానికి అనువాదమని చెప్పడానికి వీలులేదు. మనకూ చేపపిల్లకు ఈత నేర్పడం, హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేయడం వంటివి ఉండనే ఉన్నాయి.

ఇక ఔచిత్యం. చేపకు ఈత పుట్టుకతో వస్తుంది, హనుమంతుడికి లంఘనం సామర్థ్యం వల్ల వస్తుంది. తాతకు దగ్గు వయసు మీద పడడం వల్ల వస్తుంది, దానిని ఎవరూ కోరుకోరు. కుర్రవాణ్ణి వెక్కిరించే ఈ సామెత తాతను కూడ కొంచెం గిల్లకుండా వదలదు. అందుకే పెద్దలు తమను గురించి తామే "తాతకు దగ్గులు నేర్పుతావురా?" అన్నప్పుడు అది పండుతుంది. అదే మాట శిష్యుడి నోట, అందునా సభలో, గురువుగారి పాండిత్యాన్ని దగ్గుతో పోల్చినట్టవుతుంది. అక్కడ హనుమంతుడి ముందు కుప్పిగంతులు అనడమే సముచితం. గురువుగారు సరసులైతే మీరన్నదానికీ నవ్వే ఉంటారు.