కౌంటీ జడ్జి పదవికి ఓటు వేసే ముందు అభ్యర్థి గతాన్ని అంతగా చూడాలా?

మీకు ఈమధ్యే అమెరికా పౌరసత్వం వచ్చిందన్నారు. 2026 నవంబరులో, మన హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీకి (మన జిల్లాలాంటిది) జడ్జి పదవికి ఎన్నిక ఉంది. అధ్యక్షుడికో సెనేటర్‌కో అయితే సరే గానీ, ఇంత చిన్న పదవికి అభ్యర్థి పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం అవసరమా అని అడిగారు.

ముమ్మాటికీ అవసరమే. హ్యూస్టన్‌లో ఇల్లు కట్టుకుని ఉంటున్నవారికి ఆ బ్యాలట్ మొత్తంలో గడప దాకా వచ్చే పదవి అదేనని నేను నమ్ముతాను.

పేరులో జడ్జి అని ఉన్నా ఆ మనిషి తీర్పులు చెప్పరు. నలుగురు కమిషనర్లతో కూర్చుని కౌంటీ ఖర్చులు తేలుస్తారు, ఆ సభనే కమిషనర్ల కోర్టు అంటారు. విపత్తు వస్తే సహాయక యంత్రాంగానికి అధిపతి. మన వైపు తుపాను ముంచుకొస్తే కంట్రోల్ రూమ్‌లో కలెక్టర్ కూర్చుంటారు కదా, ఇక్కడ ఆ కుర్చీలో మనం ఓటేసిన మనిషి ఉంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం కౌంటీలో 47 లక్షల మంది ఉన్నారు. అందులో దాదాపు 20 లక్షల మంది ఏ నగర పరిధిలోకీ రారు. వాళ్లకు మేయరు లేడు, కౌన్సిలూ లేదు. రోడ్డు పాడైనా, వాగు పొంగినా కౌంటీయే దిక్కు. ఆడిక్స్ జలాశయం దగ్గర మేముండే కాలనీ కూడా అలాంటిదే.

నేను దగ్గరగా గమనించిన జడ్జి ఎడ్ ఎమ్మెట్. రిపబ్లికన్. 1979 నుంచి 1987 దాకా టెక్సస్ శాసనసభ సభ్యుడు. ఆ తర్వాత పెద్ద బుష్ హయాంలో, రైళ్లు లారీల రవాణాను నియంత్రించే ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్‌లో పనిచేశారు. 2007లో అంతకుముందున్న జడ్జి మధ్యలో తప్పుకుంటే ఆ స్థానంలో నియమితులై, తర్వాత ఎన్నికల్లో గెలుస్తూ 2018 చివరి వరకు కొనసాగారు. లారీల రవాణా అనుభవం ఈ పదవికి ఎందుకు అనిపించవచ్చు. 2008 సెప్టెంబరులో ఐక్ తుపాను వచ్చినప్పుడు ఎందుకో తెలిసింది. 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మంచు గడ్డలు, మంచినీళ్లు ఏ పేటకు ఎన్ని లారీలు, ఎక్కడ దించాలి, ఎవరు పంచాలి అన్నదే అప్పుడు అసలు పరిపాలన.

ఆ తుపానుకు ముందు తీసుకున్న నిర్ణయం ఇంకా పెద్దది. 2005లో రీటా వస్తోందన్న భయంతో ఊరు ఊరంతా ఒక్కసారిగా రోడ్డెక్కింది. తుపాను వల్ల కంటే ఆ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో పోయిన ప్రాణాలే ఎక్కువ. అందుకే ఐక్ సమయంలో సముద్రపు ఉప్పెన తగిలే జిప్ కోడ్‌ల వారినే వెళ్లిపొమ్మని, మిగతావారిని ఇళ్లలోనే ఉండమని చెప్పారు. భయపడుతున్న జనానికి కదలవద్దని చెప్పడానికి చాలా నిబ్బరం కావాలి.

2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు మా అత్తమామలు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. వాన నాలుగు రోజులు తెరిపివ్వలేదు. వీధిలో నీళ్లు పోస్టు డబ్బాల మొదళ్లను తాకాయి. రాత్రంతా టీవీ ముందే ఉన్నాం. కౌంటీ వరద నియంత్రణ విభాగం వాళ్లు ఏ వాగు ఏ వంతెన దగ్గర ఎన్ని అడుగులు పెరిగిందో, ఏ కాలనీ జాగ్రత్తపడాలో పేరుపేరునా చెప్పేవారు. తర్వాత ఎమ్మెట్ వచ్చి చేతిలో ఏముందో, ఏం లేదో సూటిగా చెప్పేవారు. మా మామయ్యగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా గంటకోసారి “ఆ పెద్దాయన మళ్లీ ఎప్పుడు మాట్లాడతారమ్మా?” అని అడిగేవారు. ఆగస్టు 27న ఆయన, బయటి సాయం వచ్చేదాకా ఆగలేం, పడవలున్నవాళ్లు ముందుకు రండి అని కోరారు. మా ఎదురింటాయన చేపల వేటకు వాడే పడవను గ్యారేజీలోంచి లాగి, వెనక వీధిలోని ముసలివాళ్లను ఒక్కొక్కరినే బయటికి తెచ్చారు. కౌంటీలో లక్షన్నర ఇళ్లు మునిగాయి. ఆశ్రయం చాలకపోతే ఎన్‌ఆర్‌జీ సెంటర్ అనే పెద్ద ప్రదర్శనశాలను తెరిపించి, దాని నిర్వహణను బేకర్‌రిప్లీ అనే సేవాసంస్థకు అప్పగించారు.

ఆయనలో లోపమే లేదనను. జలాశయాలు నిండితే మునిగే నేలలో వేల ఇళ్లు లేచాయి. పదేళ్లు ఆ కుర్చీలో ఉన్న మనిషిని ఆ ప్రశ్న అడిగి తీరాలి. వరద నివారణ పనులకు అప్పు తెచ్చే 250 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటు పెట్టింది కూడా హార్వీ తర్వాతే, 2018 ఆగస్టు 25న. దాదాపు 85 శాతం మంది ఒప్పుకున్నారు.

అదే ఏడు నవంబరులో ఆయన ఓడిపోయారు. 27 ఏళ్ల డెమొక్రాట్ లీనా హిడాల్గో గెలిచారు. కొలంబియాలో పుట్టి, చిన్నతనంలో వలస వచ్చి, స్టాన్‌ఫర్డ్‌లో చదువుకున్న అమ్మాయి. అంతకుముందు ఏ పదవీ చేయలేదు. ఆ ఎన్నికలో సెనేట్‌కు పోటీ చేసిన డెమొక్రాట్ బీటో ఓరూర్క్‌కు కౌంటీలో దాదాపు 2 లక్షల ఆధిక్యం వచ్చింది. ఎమ్మెట్ ఓడింది 20 వేలలోపు తేడాతో. అంటే వేరే పార్టీ వాళ్లు ఎందరో ఆయన పని చూసి ఓటేశారు. కానీ అప్పట్లో ఒక్క ఎంపికతో పార్టీ మొత్తానికి ఓటు వేసే వీలుండేది. కౌంటీలో నూటికి డెబ్బై మందికి పైగా అలాగే వేశారు. ఆ పద్ధతి 2020 నుంచి పోయింది, మంచి పని జరిగింది.

హిడాల్గో గెలవకూడదని నేననడం లేదు. 2019 మార్చిలో డీర్ పార్క్ రసాయనాల ట్యాంకులు తగలబడినప్పుడు ఆమె ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ వివరాలు చెప్పడం నాకు నచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లున్న మనలాంటివాళ్లకు దాని విలువ తెలుసు. నా బాధల్లా ఇద్దరి పేర్లూ చదవకుండానే అన్ని లక్షల ఓట్లు పడిపోవడం గురించే.

అందుకని పార్టీ పేరు ఒక్కటే చూసి ఆగకండి. ఇంతకుముందు ఎంత డబ్బు, ఎంత మంది సిబ్బంది వాళ్ల చేతిలో ఉన్నారు, కష్టకాలంలో ఏం చేశారు అన్నది వెతకండి. ఇంతకుముందు జడ్జిగానో కమిషనర్‌గానో పనిచేసినవాళ్లయితే కమిషనర్ల కోర్టు సమావేశాల వీడియోలు కౌంటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. బడ్జెట్ మీద జరిగినది ఒక్కటి చూసినా మనిషి అర్థమవుతారు. వరద బాండ్ల పనులు మీ వాగు దగ్గర ఎంతవరకు వచ్చాయో అడగండి. బ్యాలట్ చాలా పొడుగు, డజన్ల కొద్దీ న్యాయమూర్తుల పేర్లుంటాయి. పోలింగ్ గదిలో ఫోను వాడనివ్వరు. నమూనా బ్యాలట్ ప్రింటు తీసి, ఇంట్లోనే గుర్తులు పెట్టుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్లండి, దానికి అభ్యంతరం లేదు.