ఫ్రీమాంట్‌లో ఆ పాత ఇంటికి అంత ధర ఎందుకు?

కాలిఫోర్నియా బే ఏరియాకి కొత్తగా వచ్చిన తెలుగు జంటలు అమ్మకానికి పెట్టిన ఇంటిని చూపించే మొదటి ఓపెన్ హౌస్‌కి వెళ్ళొచ్చాక మా ఇంట్లో కాఫీ తాగుతూ అడిగే మాట ఒకటే. "అన్నా, 60 ఏళ్ళ కిందటి చెక్క ఇల్లు, 1,200 చదరపు అడుగులు, బాత్రూంలో గులాబీ రంగు టైల్స్. దానికి 16 లక్షల డాలర్లా? ఈ డబ్బుకి టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో రెండు కొత్త ఇళ్ళు వస్తాయి కదా?"

వస్తాయి. రెండూ కొన్నాక కారుకి కూడా కొంత మిగులుతుంది.

నేను వచ్చిన కొత్తలో ఇదే అడిగితే "అంతా లొకేషన్ బాబూ" అని ఊరుకున్నారు. అసలు సంగతి మా ఇంటి పన్ను బిల్లు చూశాకే అర్థమైంది. కాలిఫోర్నియాలో కౌంటీ పంపే బిల్లులో నేల విలువ ఒక వరుసలో, దాని మీది కట్టడం విలువ ఇంకో వరుసలో ఉంటాయి. మా ఇంటికి నాలుగింట మూడు వంతులు నేలదే. గోడలు, కప్పు, నేను ముచ్చటపడి వేయించిన వంటగది గట్టు అన్నీ కలిపి మిగతా పావు వంతు. ఫ్రిస్కోలో ఉండే మా తోడల్లుడి ఇంటికి ఈ లెక్క తిరగబడి ఉంది.

మరి ఇక్కడి నేలకి అంత విలువ ఎందుకంటే, ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రపు పాయ అంటారు. నిజమే కానీ సగమే నిజం. ఉన్న నేల మీద ఎన్ని ఇళ్ళు కట్టనిస్తారన్నది మిగతా సగం. శాన్ హోసేలో ఇళ్ళకి కేటాయించిన నేలలో 90 శాతం పైన ఒక స్థలానికి ఒక ఇల్లు చొప్పునే కట్టాలన్న నియమం చాలాకాలం నడిచింది. హైదరాబాద్‌లో మన కోకాపేట గుర్తు తెచ్చుకోండి. 2023 వేలంలో అక్కడ ఎకరం 100 కోట్లు దాటింది. అయినా ఫ్లాట్లు అమ్ముడవుతున్నాయంటే, ఆ ఎకరం మీద 40, 50 అంతస్తులు లేపి నేల ఖరీదుని వందలమందికి పంచుతున్నారు కాబట్టి. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐకి హైదరాబాద్‌లో పరిమితి లేదు. ఇక్కడ ఆ భారమంతా ఒకే కుటుంబం నెత్తిన పడుతుంది. 2022 నుంచి స్థలాన్ని రెండు చేసి కట్టుకోవచ్చని రాష్ట్రం చట్టం తెచ్చింది గానీ మా వీధిలో ఇంతవరకు ఎవరూ ఆ జోలికి పోలేదు.

అమ్మేవాళ్ళూ తక్కువే. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13 ప్రకారం పన్ను మీరు కొన్న ధర మీద మొదలై, ఆ విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. మా ఎదురింటి పెద్దాయన 1976లో కొన్నారు. ఆయన ఏడాదికి కట్టేది నేను రెండు నెలల్లో కట్టేస్తాను. ఆయన ఎందుకు అమ్ముతారు? దానికితోడు 2021లో 3 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నవాళ్ళు, ఇల్లు మారితే ఆ వడ్డీ మళ్ళీ దొరకదని, కదిలితే ఒట్టు.

డాలస్ పక్కన ఈ అడ్డంకులు తక్కువ. అంతా చదును నేల. ప్లేనో నిండితే ఫ్రిస్కో, ఫ్రిస్కో నిండితే ప్రాస్పర్, ఆ పైన సెలీనా. 1990లో ఫ్రిస్కో జనాభా సుమారు 6 వేలు, 2020 నాటికి 2 లక్షలు. జనం ఎంత వచ్చినా బిల్డరు ఇంకో పొలంలో కాలనీ వేస్తాడు. మీరు అమ్మబోయే పాత ఇంటికి నాలుగు మైళ్ళలో కొత్త ఇల్లు పోటీకి ఉంటుంది. ధర మరీ మండిపోకపోవడానికి అదే కారణం.

అక్కడా వేరే రూపంలో కట్టాల్సినవి ఉన్నాయి. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ ఇంటి పన్ను చాలా కొత్త కాలనీల్లో 2 శాతం దాటుతుంది. వడగళ్ళకి కప్పు దెబ్బతింటుంది, ఆ మేరకు ఇన్సూరెన్సూ పెరుగుతుంది. బంకమట్టి ఎండాకాలంలో బీటలు వారుతుందని మా తోడల్లుడు ఇంటి పునాదికి నీళ్ళు పెడుతుంటాడు. మొక్కలకి పెడుతున్నాడేమో అనుకున్నాను మొదట్లో.

స్కూళ్ళ సంగతి. ఊరి పేరు చూసి మోసపోకండి. మంచి స్కూళ్ళకి పేరున్న కుపర్టినోలో, ఏ ఇంటి పిల్లలు ఏ స్కూళ్ళకి వెళ్ళాలో తేల్చే స్కూలు డిస్ట్రిక్టు గీత పక్కనున్న శాన్ హోసేలోకి కూడా వస్తుంది. అడ్రసు శాన్ హోసే, స్కూలు కుపర్టినో, ధర కూడా దాదాపు కుపర్టినోదే. రోడ్డు దాటి ఆ గీత అవతలికి వెళ్తే ధర పడిపోతుంది. ఒక విడ్డూరం చెప్పాలి. ఆ స్కూళ్ళ కోసం ధరలు ఎగబాకి, చిన్నపిల్లల తల్లిదండ్రులు కొనలేని స్థితి వచ్చి, పిల్లలు తగ్గిపోయి 2022లో ఆ డిస్ట్రిక్టు రెండు ఎలిమెంటరీ స్కూళ్ళని మూసేసింది.

హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకో లెక్క ముఖ్యం. ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. పదిమైళ్ళలో వంద కంపెనీలున్న చోట ఆ 60 రోజులు వేరు, ఊరంతా ఒక పెద్ద కంపెనీ చుట్టూ తిరిగే చోట వేరు. రెండో రకం ఊళ్ళో చవగ్గా ఇల్లు కొన్న మిత్రుడు లేఆఫ్ పడితే అటు ఇల్లు అమ్మలేక, ఇటు వేరే రాష్ట్రంలో అద్దె కట్టలేక ఎంత టెన్షన్ పడ్డాడో చూశాను. బే ఏరియా ధరలో తర్వాతి ఉద్యోగం ఖరీదు కూడా కలిసి ఉందని అప్పుడు అనిపించింది.

అయితే కొనేయమంటారా అంటే, మొదటి మూడు నాలుగేళ్ళు వద్దంటాను. ఆ 16 లక్షల ఇల్లు మా వీధిలో నెలకి 4 వేలకి అద్దెకి దొరుకుతుంది. అదే 20 శాతం డౌన్ పేమెంట్ ఇచ్చి 6.5 శాతం వడ్డీకి కొంటే కిస్తీ, పన్ను, ఇన్సూరెన్సు కలిపి దాదాపు 10 వేలు. అందులో మొదటి ఏడాది అసలుకి జమయ్యేది నెలకి 1,200 డాలర్లే. ఇల్లు రేపు ఇంకా పెరుగుతుందన్న ఆశ ధరలో ఉంటుంది, అద్దెలో ఉండదు. స్కూలూ ఉద్యోగమూ మాత్రం అద్దెకున్నవాళ్ళకీ అవే. ఫ్రిస్కోలో అద్దెకీ కిస్తీకీ ఇంత ఎడం లేదు, అక్కడ కొనడం గురించి తొందరగా ఆలోచించినా తప్పులేదు.

ఇక్కడే ఉంటాం, సొంతిల్లే కావాలి అనేవాళ్ళు కొండల అవతలి ట్రేసీ ఊరి వైపు చూస్తారు. సగం ధరకే ఇల్లు, చక్కటి కాలనీలు. చూడడానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళకండి. సోమవారం రాత్రి అక్కడే హోటల్లో పడుకుని, మంగళవారం పొద్దున ఆరింటికి 580 హైవే ఎక్కి ఆల్టమాంట్ కనుమలోని గాలిమరల మధ్యనుంచి మీ ఆఫీసుదాకా రండి. ఆ తర్వాత మా ఇంటికొస్తే కాఫీ పెడతాను, లెక్క వేసుకుందాం.