మసక ఫొటోలు పారేయకు తల్లీ

చిరంజీవి అమ్మడికి పెదనాన్న దీవెనలు.

కంటి ఫొటో చూసి, షుగర్ రెటీనాను, అదే కంటి వెనక పొరను, ఎంత దెబ్బతీసిందో చెప్పే డీప్ లెర్నింగ్ మోడల్, అంటే ఫొటోలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాం, చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. కావలిలో కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పేషెంట్ల పేర్లు తీసేయి. ఒకే మనిషి రెండు కళ్లూ నేర్పే ఫొటోల్లోనో, పరీక్ష పెట్టే ఫొటోల్లోనో, ఒకే వైపు ఉంచు. కుడికన్నుతో నేర్పి ఎడమకన్నుతో పరీక్ష పెడితే మార్కులు ఊరికే పెరుగుతాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

మసక ఫొటోలన్నీ ఏరి పారేస్తున్నావట. ఆ పని చేయకు.

నేను కంటి టెక్నీషియన్‌గా ఉన్న రోజుల్లో అల్లూరు వైపు ఒక పాలెంలో క్యాంపు. బడి గది కిటికీలకు దుప్పట్లు కట్టి కెమెరా పెట్టాం. ఫ్లాష్ పడితే కంటిపాప ముడుచుకుంటుంది, రెండో కన్ను తీసేముందు కాసేపు చీకట్లో కూర్చోబెట్టాలి. బయట పెద్ద లైను. నేను ఆగలేదు. వల అల్లి అల్లి వేళ్లు కాయలు కాచిన ఒక అవ్వకు కుడికన్ను బాగానే వచ్చింది. ఎడమది అంచులు నల్లగా, మధ్యలో పాలు ఒలికినట్టు. కార్డు మీద 'ఫొటో సరిగా రాలేదు' అని రాసి, "కుడికన్ను బాగుంది, ఇంటికి పో అవ్వా" అన్నాను.

ఏడాది తర్వాత మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఎడమకంట్లో రక్తం దిగి ఉంది. నెల్లూరు పంపించాం, చూపు రాలేదు. ఒక్క మాట అనలేదమ్మా ఆమె. "ఆ రోజు చూసింది నువ్వే గదా నాయనా" అంది, అంతే.

షుగర్ ముదిరినవాళ్లకు పాప సరిగా విచ్చుకోదు, శుక్లం తొందరగా వస్తుంది. మసగ్గా వచ్చే ఫొటోల్లో జబ్బు కళ్లే ఎక్కువ. వాటిని తీసేస్తే నీ మోడల్ ఎవరిని చూడకుండా నేర్చుకుంటుందో ఆలోచించు. 2016లో 1,28,175 ఫొటోలతో నేర్పి పేరు తెచ్చుకున్న గూగుల్ వాళ్లే, తర్వాత థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో తమ మోడల్‌ను పెడితే ఐదింట ఒక ఫొటోను సరిగా లేదని అది వెనక్కి కొట్టింది. 2020లో ఆ సంగతి వాళ్లే రాశారు.

'జబ్బుంది', 'లేదు' కాక మూడో జవాబు పెట్టు: 'కనపడలేదు, డాక్టరు దగ్గరకు పంపండి.' ఎంతమందికి ఆ జవాబు వచ్చిందో నీ రిపోర్టులో మొదటి పేజీలోనే రాయి.

తెల్లార్లూ ల్యాప్‌టాప్ ముందే ఉంటున్నావట, నీ కళ్లు కళ్లు కావా? సంక్రాంతికి వచ్చేటప్పుడు పక్కన పెట్టిన ఫొటోలు తెచ్చుకో. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

మీ పెదనాన్న