కొత్త గన్ సంగతి తర్వాత, ముందు ఆ చెంప సంగతి చూద్దాం

ప్రశ్న: హన్మకొండలో జూనియర్ లెక్చరర్‌ని, వయసు 41. చేతికి 92,000 జీతం. హోమ్‌లోన్ ఈఎంఐ 24,000. పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతాలో నెలకు 5,000 వేస్తున్నా. బ్యాంకులో 70,000 ఉన్నాయి. మూడేళ్ల కింద నాకంటే జానెడు పొడవున్న ఒక పెద్దాయన దగ్గర 1.8 లక్షలకు 12 బోర్ అండర్-ఓవర్ (ఒకదాని మీద ఒకటిగా రెండు బ్యారెళ్లున్న) షాట్‌గన్ కొన్నాను. నెలకు రెండు ఆదివారాలు హైదరాబాద్ వెళ్లి ట్రాప్ షూటింగ్ చేస్తాను, అంటే యంత్రం గాల్లోకి విసిరే మట్టి బిళ్లలను (క్లేలను) కాల్చడం. 25 క్లేలలో 13, 14 దాటడం లేదు, పైగా చెంప వాస్తోంది. గన్ మార్చమని తోటివాళ్లు అంటున్నారు. 4.5 లక్షల్లో కొత్తది చూశాను. 13 శాతానికి నాలుగేళ్ల పర్సనల్ లోన్ దొరుకుతుంది. కొన్నాళ్లు సుకన్య ఆపేసి ఈఎంఐ కడదామనుకుంటున్నా. మా తాతగారి డబుల్ బ్యారెల్ కూడా నా లైసెన్స్‌లోనే ఉంది. నెల ఖర్చు లెక్క జత చేస్తున్నాను. మీరేమంటారు?

జవాబు: సార్, మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది లోన్ దగ్గర కాదు, చెంప దగ్గర. నేనూ ఆరేళ్లు ట్రాప్ ఆడాను. పతకాలేం రాలేదు కానీ బిల్లులు బాగానే వచ్చాయి. కాబట్టి ఈసారి ఫైనాన్స్ కంటే తుపాకీ గురించే ఎక్కువ మాట్లాడితే ఏమనుకోకండి.

లోన్ లెక్క తేలికే. ఈఎంఐ 12,072 పడుతుంది, నాలుగేళ్లలో మొత్తం 5.79 లక్షలు కడతారు. సుకన్య ఆపినా నెలకు ఇంకో ఏడు వేలు ఎక్కడినుంచో తేవాలి. మీ లెక్క ప్రకారం ఇప్పుడు హోమ్‌లోన్ ఈఎంఐ, సుకన్య, షూటింగ్ పోగా ఇంటికి మిగిలేది 45,500. ఆ ఇంటి ఖర్చు, హోమ్‌లోన్ కలిపితే బ్యాంకులో ఉన్న 70,000 ఒక్క నెలకు సరిపోతుంది, అంతే. ఇంట్లో ఒక్కరు ఆస్పత్రిలో చేరితే ఏం చేస్తారు?

ఇప్పుడు మీరు పంపిన షూటింగ్ లెక్క. నెలకు 200 తూటాలు, ఒక్కోటి 55 చొప్పున 11,000. అయిదు రౌండ్లకు 125 క్లేలు, 12 చొప్పున 1,500. రెండు ట్రిప్పుల పెట్రోలు, టోల్ 4,000. రేంజ్ ఫీజు 1,000. మొత్తం 17,500, అంటే ఏడాదికి 2.1 లక్షలు. మీరు గన్‌కి పెట్టినదానికంటే ఎక్కువ ప్రతి ఏటా దాని నోట్లో పోస్తున్నారన్నమాట.

ట్రాప్‌లో ఒక్కో క్లేకి రెండు తూటాలు కాల్చవచ్చు కదా, మిస్ అయిన ప్రతి క్లేకి రెండూ పోతాయి. క్లేతో కలిపి 122 రూపాయలు. రౌండ్‌కు 11 మిస్‌లు, అయిదు రౌండ్లు అంటే నెలకు 6,710. పాపకి వేసేదానికంటే గాల్లోకి కాల్చేది ఎక్కువ. కోపగించుకోవద్దు, నేనూ కాల్చినవాణ్ణే. అందుకే మిస్‌లు ఎందుకు అవుతున్నాయో తెలుసుకోకుండా 4.5 లక్షలు పెట్టొద్దంటున్నాను. కొత్త గన్ కూడా మీ ఒంటికి కుదరకపోతే మళ్లీ ఇదే కథ.

షాట్‌గన్‌కి రైఫిల్‌లా వెనక సైట్ ఉండదు. మీ కన్నే వెనక సైట్. ఆ కన్ను ఎక్కడ ఉండాలో నిర్ణయించేది భుజానికి ఆనించే చెక్క, అంటే స్టాక్. దాని పొడవు, చెంప ఆనే అంచు ఎత్తు, పక్కకు ఎంత వంగి ఉందన్నది, ఈ మూడూ పాత యజమాని ఒంటికి సరిపోయేలా ఉండి ఉంటాయి. ఆయన మీకంటే జానెడు పొడవని మీరే రాశారు. చెంప ఆనే అంచును కోంబ్ అంటారు. అది మీకు తక్కువ ఎత్తులో ఉంటే, కన్ను బ్యారెల్ మీది పట్టీ కంటే కిందికి పోతుంది. క్లే కనపడక తల లేపుతారు. చెంపకీ చెక్కకీ మధ్య సందు వస్తుంది. పేల్చగానే చెక్క ఎగిరి ఆ సందులోంచి చెంపను కొడుతుంది. వాపు అక్కణ్ణుంచే. స్టాక్ పొడవైతే ఇంకో తంటా: భుజానికి ఎత్తేటప్పుడు చొక్కాకి తట్టుకుంటుంది.

ఇంట్లోనే చూసుకోండి. ముందు గన్ తెరిచి రెండు బ్యారెళ్లూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో, వేలితో చూడండి, తూటాలు వేరే గదిలో పెట్టండి. గోడ మీద ఒక చుక్క పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎప్పటిలాగే భుజానికి ఎత్తి చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. పట్టీకి బదులు తుపాకీ వెనక భాగమే కనబడితే కోంబ్ తక్కువ ఎత్తులో ఉన్నట్టే. పట్టీ ఒక పక్కనుంచి వాలుగా కనబడితే చెక్క వంపు కుదరలేదు. కోంబ్ మీద పలచని ఫోమ్ ముక్క పెట్టి టేప్ చుట్టి మళ్లీ ఎత్తండి. ఒక పొర, రెండు పొరలు, మూడు. ఈ పరీక్షకి అయ్యేది టేప్ ఖర్చు మాత్రమే.

టేప్‌తోనే రేంజ్‌కి వెళ్లి, ముందు క్లేలు కాకుండా ఓ పెద్ద కాగితం మీద కాల్చండి. 35 గజాల దూరంలో, గురి ఒకే చోట పెట్టి, ఒక్కో బ్యారెల్‌తో నాలుగైదు. గుండ్లు గురి కంటే ఎంత కింద, ఎంత పక్కన పడ్డాయో కాగితమే చెబుతుంది. ట్రాప్ క్లే పైకి లేస్తూ పోతుంది కాబట్టి గుండ్ల గుంపు గురి కంటే కొంచెం పైన పడితే మంచిదే, కింద పడితే ఆ 11 మిస్‌ల గుట్టు తెలిసినట్టే. టేప్‌తో ఎత్తు తేలాక కోంబ్ కోయించి, ఎత్తు తగ్గించుకునే, పెంచుకునే బిగింపు పెట్టించండి. వెనక రబ్బరు ప్యాడ్ కూడా మీ పొడవుకి మార్పించండి. ఇది రిపేర్ లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరే. ఎవరైనా బ్యారెల్ కోద్దామంటే మాత్రం లేచి వచ్చేయండి, ఆయుధ చట్టం 6వ సెక్షన్ కింద నేరం.

డబ్బు ఎక్కణ్ణుంచి? రెండు నెలలు రెండు ఆదివారాలకు బదులు ఒక్కటే వెళ్లండి, తూటాలు వందకు తగ్గించండి. నెలకు 8,750 మిగులుతుంది, రెండు నెలలకు 17,500. పని అందులోనే కావాలని ముందే మాట్లాడుకోండి. రెండో ఆదివారం ఇంట్లో ఖాళీ తుపాకీని గోడ చుక్కకి ఎత్తి దించడం సాధన చేయండి, ఓ యాభై సార్లు. స్నాప్ క్యాప్‌లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) లేకుండా ట్రిగ్గర్ నొక్కొద్దు.

ఇంకో ఖర్చు మీ లెక్కలో అసలు లేదు, మెయింటెనెన్స్. 2023 అసెంబ్లీ ఎన్నికలకు కోడ్ రాగానే పొద్దున రేంజ్‌లో కాల్చిన గన్‌ని సాయంత్రం అలాగే తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. తుడవలేదు, బద్ధకం. ఫలితాలొచ్చాక తెచ్చుకుంటే బ్యారెల్ లోపల తుప్పు మచ్చలు, చివర మరతో బిగించే చోక్ గొట్టం బిగుసుకుపోయి కదలట్లేదు. అది తీయించడానికి 9,000 పోయింది. చిన్న సీసా నూనె, ఓ వేలెడు గ్రీజు వాడి ఉంటే సరిపోయేది. 2024 లోక్‌సభ ఎన్నికలకు మాత్రం బుద్ధిగా చోక్‌లు విప్పి, మరలు తుడిచి, గ్రీజు రాసి, బ్యారెల్‌లో బ్రష్, గుడ్డ తిప్పి, నూనె పలచగా పట్టించి ఇచ్చాను. అలాగే వచ్చింది. మీరు కూడా కాల్చిన రోజే ఇదంతా చేయండి. గన్ తెరిచేటప్పుడు బ్యారెల్ వంగే కీలు దగ్గర చుక్క గ్రీజు. నూనె చెక్కలోకి దిగకుండా బీరువాలో మూతి కిందికి పెట్టండి. వానాకాలం సిలికా జెల్ సంచి. నూనె, బ్రష్‌లు, ఏడాదికోసారి స్ప్రింగులు, పిన్నులు చూపించడం, వీటన్నిటికీ కలిపి నెలకు 800 రికరింగ్ డిపాజిట్‌లో పడేయండి.

ఇంతా చేశాక కూడా గన్ బాలేకపోవచ్చు. బ్యారెల్ కింద ముందువైపు ఉండే చెక్కను విప్పేసి, గన్ మూసి, బ్యారెల్ పట్టుకుని ఊపితే కీలు దగ్గర టకటకలాడుతుంటే, లేదా కాగితం మీద రెండు బ్యారెళ్లూ రెండు చోట్ల కొడుతుంటే, అప్పుడు కొత్తది కొనుక్కోండి, అభ్యంతరం లేదు. కానీ లోన్‌తో వద్దు. ముందు ఎమర్జెన్సీ డబ్బు రెండు లక్షలు దాటాలి. సుకన్య ముట్టుకోవద్దు. ఏడాదికి 250 వేసినా ఖాతా బతికే ఉంటుంది నిజమే, కానీ ఒకసారి 250కి దిగినవాళ్లు మళ్లీ 5,000కి ఎక్కడం నేను చాలా తక్కువగా చూశాను.

ఒక చిక్కు కూడా ఉంది. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులే ఉండాలి. గుర్తింపు ఉన్న షూటర్లకు మినహాయింపులున్నాయి, మీ ఉత్తరాన్ని బట్టి మీకు అలాంటి గుర్తింపు ఉన్నట్టు లేదు. తాతగారిది, ఇది కలిపి రెండూ అయిపోయాయి. కొత్తది రావాలంటే ఒకటి అమ్మాలి. లైసెన్స్ ఉన్న మరొకరికి నేరుగా అమ్మాలంటే ముందు పోలీస్ స్టేషన్‌కి రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. పాతది అమ్మి ఆ డబ్బు అడ్వాన్స్ ఇద్దామనుకున్నా అందుకే కుదరదు. ఈలోపు తాతగారి గన్‌తో సాధన చేద్దామనిపిస్తే అదీ వద్దు. పాత గన్‌ల చాంబర్ చాలాసార్లు పొట్టిగా ఉంటుంది, ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటాకి అది ప్రమాదం.

టేప్ వేశాక కాల్చిన కాగితం ఫోటో పంపండి. ఎన్ని పొరలు వేశారో, గురి ఎక్కడ పెట్టారో కాగితం మీదే పెన్నుతో రాయండి.