కెమెరా తర్వాత కొనొచ్చు, ముందు మీ మాట మీరు వినండి

కోనసీమలో రాజోలు దగ్గర సొంతూరికి వచ్చేసి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నానని, మీటింగుల్లో అందరూ "మాట తెగుతోంది, మొహం నల్లగా ఉంది" అంటున్నారని, ఓ మంచి వెబ్‌క్యామ్ కొనమంటారా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. మీకున్న ఇబ్బందుల్లో కెమెరాతో తీరేది చాలా తక్కువ.

నేను అంబాజీపేట దగ్గర ఓ ఊళ్ళో ఉంటాను. 2020 నుంచి అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్నాను. మొదలుపెట్టిన రెండు నెలలకు డాలస్‌లో ఉండే ఒక పాప వాళ్ళమ్మగారు మొహమాటపడుతూనే చెప్పారు: "ఏమనుకోకండి టీచర్‌గారూ, మీ మాట నూతిలోంచి వచ్చినట్టుంటోంది. పాపకి సగం అర్థం కావట్లేదు." నాకు చాలా బాధేసింది. ఆ పిల్ల రెండు నెలలూ అర్థమైనట్టు తలూపుతూ కూర్చుంది. వాళ్ళ మాటలు నాకు శుభ్రంగా వినపడుతుంటే, నావీ వాళ్ళకి అలాగే వినపడుతున్నాయనుకున్నాను.

చిక్కంతా ఇక్కడే ఉందండీ. మన మాట అవతలికి ఎలా వెళ్తోందో మనకి తెలియదు. అందుకని ముందు అది వినాలి. జూమ్ సెట్టింగుల్లో ఆడియో దగ్గర మైక్ టెస్ట్ ఉంటుంది, నాలుగు మాటలు మాట్లాడితే తిరిగి వినిపిస్తుంది. అంతకన్నా మంచిది, మీరొక్కరే మీటింగ్ పెట్టుకుని రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి. రోజూ ఎక్కడ కూర్చుంటారో అక్కడే, ఫ్యాను వేసుకుని, రోజూ మాట్లాడే గొంతుతోనే. నాది విన్నప్పుడు నా గొంతు కంటే సీలింగ్ ఫ్యాను పెద్దగా ఉంది. వెనకాల కాకులు. దొడ్లో కొబ్బరి దింపు జరుగుతోందేమో, కొబ్బరికాయ పడ్డప్పుడల్లా ధన్‌మని చప్పుడు. వీటన్నిటి కిందా నా మాట, గోడకి కొట్టుకుని రెండుసార్లు వచ్చినట్టు.

మాది పాత మండువా ఇల్లు. గచ్చు నేల, ఎత్తయిన సున్నపు గోడలు. ఇలాంటి హాల్లో ల్యాప్‌టాప్ మైక్ మూరెడు దూరంలో ఉంటే, మన నోటి నుంచి నేరుగా వచ్చే మాటకి గోడల మీంచి తిరిగొచ్చే మాట కూడా కలిసిపోతుంది. నూతిలోంచి వచ్చినట్టు ఉండేది దానివల్లే. హాల్లోంచి మంచం, పరుపులు, బట్టల బీరువా ఉండే చిన్న గదిలోకి మారాను. ల్యాప్‌టాప్ వెనక గోడకి మందపాటి దుప్పటి వేలాడదీశాను. బట్ట చప్పుడుని పీల్చుకుంటుంది. సగం తేడా అక్కడే వచ్చింది, పైసా ఖర్చు లేకుండా.

మిగతా సగం మామూలు వైరు ఇయర్‌ఫోన్లతో వచ్చింది. మైక్ నోటికి దగ్గరగా ఉంటే ఫ్యానూ కాకులూ వాటంతటవే వెనక్కి పోతాయి. స్పీకర్లోంచి వచ్చే అవతలివాళ్ళ మాట మళ్ళీ మైక్‌లో పడి వాళ్ళకే వినపడే బాధ కూడా ఉండదు. బ్లూటూత్‌వి మీ దగ్గరున్నా ఒకసారి వైరువి పెట్టి రికార్డు చేసి పోల్చుకోండి. చాలా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పాటలు వినేటప్పుడు బాగానే పలుకుతాయి, మైక్ వాడడం మొదలవగానే కాల్స్ పద్ధతిలోకి మారి నాణ్యత తగ్గిపోతుంది. వైరు వాటితో ఒక్క జాగ్రత్త: ఆ చిన్న మైక్ మెడలో గొలుసుకో కాలరుకో రాసుకుంటే అవతల గరగరమని వినపడుతుంది. నాకు నల్లపూసలకి తగిలేది, రికార్డింగు విన్నాకే తెలిసింది. ఇప్పుడు చిన్న క్లిప్పుతో భుజం దగ్గర పెట్టుకుంటున్నాను.

మాట తెగడం వేరే సంగతి, అది నెట్‌తో వచ్చేది. వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నానని రాశారు. వీడియో కాల్‌కి అంత అక్కర్లేదు. ఇద్దరే మాట్లాడుకునే కాల్‌లో మంచి నాణ్యత వీడియోకి 600 కేబీపీఎస్ చాలని, హెచ్‌డీకి 1.2 ఎంబీపీఎస్ కావాలని జూమ్ వాళ్ళే చెబుతారు (వెయ్యి కేబీపీఎస్ అంటే ఒక ఎంబీపీఎస్). గ్రూప్ మీటింగుకి ఇంకాస్త ఎక్కువ. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు అందరం డౌన్‌లోడ్ అంకె చూసుకుంటాం, మన మాటా మొహమూ వెళ్ళేది అప్‌లోడ్‌లో. ఆ అంకె చూడండి, అదీ రౌటర్ పక్కన నిలబడి ఒకసారి, మీరు కూర్చునే చోట ఒకసారి. మా ఇంట్లో ఈ రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా వచ్చింది. పాతిళ్ళ గోడలు మందం. వైఫైలో రెండు రకాల సిగ్నల్ ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది కానీ మందపాటి గోడలు అంతగా దాటలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది కానీ ఇంట్లో బ్లూటూత్‌లూ, మైక్రోవేవ్ ఓవెనూ దానికి అడ్డు తగులుతాయి. నేనైతే ఇరవై మీటర్ల లాన్ కేబుల్ (వైఫై లేకుండా నేరుగా నెట్ అందించే వైరు) తెప్పించి, రౌటర్ నుంచి గోడ వారగా లాగి ల్యాప్‌టాప్‌కి పెట్టేశాను. ఆ రోజు నుంచి మాట తెగడం దాదాపు పోయింది. కాల్ టైములో ఇంట్లో ఫోన్లలో ఫొటోల బ్యాకప్ నడుస్తోందేమో కూడా చూడండి. పెళ్ళికి వెళ్ళొచ్చిన మర్నాడు మా వారి ఫోను అప్‌లోడ్ మొత్తం మింగేసేది.

కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. కరెంటు పోయినా రౌటర్‌ని కాసేపు నడిపే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. ఫైబర్ పెట్టె వేరు, రౌటర్ వేరు అయితే రెండిటికీ కావాలి. అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపోయేదే తీసుకోండి. అదీ లాభం లేనప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, ముందు వీడియో ఆపేయండి. వీడియో లేకుండా మాట మాత్రమే అయితే వంద కేబీపీఎస్ లోపే సరిపోతుంది. 2022 మేలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో జరిగిన గొడవల తర్వాత మన దగ్గర నెట్ ఆగిపోయినప్పుడు, సిగ్నల్ కోసం కుర్రాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదారి గట్లకి వెళ్ళారు, మీకూ గుర్తుండే ఉంటుంది. పిల్లల తల్లిదండ్రుల నంబర్లన్నీ హైదరాబాద్‌లో మా తమ్ముడి దగ్గర ఉండబట్టి వాడు అందరికీ కబురు చెప్పాడు. మీ మేనేజరుగారి నంబరు ఓ కాగితం మీద రాసి ఉంచుకోండి.

మొహం నల్లగా కనపడడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది, "వెనకాల పెద్ద కిటికీ ఉంది, మంచి గాలి" అని రాశారు. కెమెరా ఆ వెలుగుకి తగ్గట్టు సర్దుకుంటే మన మొహం చీకటైపోతుంది. నేను హాల్లో ఉన్నప్పుడు వెలుగొచ్చే మండువాకి వీపు పెట్టి కూర్చునేదాన్ని, సరిగ్గా ఇదే జరిగేది. బల్ల తిప్పి కిటికీకి ఎదురుగా కూర్చోండి. తెల్లారకముందు కాల్ ఉంటే టేబుల్ లైటు మొహం మీదకి కాకుండా ఎదురుగా ఉన్న తెల్లగోడ మీదకి తిప్పండి, ఆ వెలుగు మెత్తగా మొహం మీద పడుతుంది. ల్యాప్‌టాప్ కింద రెండు పీటలు వేస్తే కెమెరా కంటి ఎత్తుకి వస్తుంది.

అమెరికా వాళ్ళతో కాల్స్ ఉంటే ఒక్క మాట. డాలస్‌లో సాయంత్రం 7 అంటే ఎండాకాలంలో మనకి పొద్దున్న 5:30, నవంబరులో వాళ్ళ గడియారం గంట వెనక్కి వెళ్ళాక 6:30. మొదటి ఏడాది అది తెలియక గంట ముందే లేచి కూర్చున్నాను. ధనుర్మాసంలో గుడి మైకు ఆ వేళకి ఆగిపోతుంది కాబట్టి ఆ మార్పు నాకు కలిసొచ్చింది. క్లాసు ఉన్నంతసేపూ తలుపు గొళ్ళానికి ఎర్ర తువ్వాలు కడతాను. అది కనపడితే దింపు వాళ్ళు వచ్చినా, పాలవాడు వచ్చినా మా అత్తయ్యగారే మాట్లాడి పంపేస్తారు, తలుపు కొట్టరు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది. "వినపడుతోందా?" అని అడగకండి. మొహమాటానికి అందరూ "ఆఁ, వినపడుతోంది" అనే అంటారు, ఆ పాప తలూపినట్టే. నేనిప్పుడు క్లాసు మొదట్లో ఓ సంఖ్య చెప్పి, తిరిగి చెప్పమంటాను. సెవెంటీన్‌ని సెవెంటీ అన్నారంటే మైకో నెట్టో చూసుకుంటాను. మీరు మీటింగులో అలా అడగలేరు కాబట్టి, దగ్గరి కొలీగ్ ఒకరిని పక్కకి పిలిచి, మొహమాటం లేకుండా చెప్పమనండి.

ఇయర్‌ఫోన్లు, కేబుల్, యూపీఎస్ అన్నీ కలిపి నాకు మూడు వేలు దాటలేదు. ముందు బల్ల తిప్పి, గది మార్చి, రికార్డింగు చేసి వినండి. అప్పటికీ తేడా రాకపోతే మీ రౌటర్ ఏ గదిలో ఉందో, మీరు ఏ గదిలో కూర్చుంటారో, రెండు చోట్లా అప్‌లోడ్ ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.