యాక్సెస్‌లో విజార్డ్‌తో ఫారం వచ్చేసింది, అయినా ఎంట్రీలో తప్పులు ఎందుకు పడుతున్నాయి?

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్ ఉంది, అందులో 40 ఫీల్డులు ఉన్నాయి, విజార్డ్ (ఫారాన్ని తనంతట తానే కట్టిచ్చే సాధనం) ఫారం తయారుచేసి ఇచ్చింది, ఎంట్రీ చేసేవాళ్ళు తప్పులు కొడుతున్నారు, అన్ని ఫీల్డులనూ తప్పనిసరి చేసేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఇప్పుడు ఖాళీగా కనిపిస్తున్న గడులన్నీ అప్పుడు అబద్ధాలతో నిండుతాయి. ఖాళీ గడిని ఎప్పుడైనా వెతికి పట్టుకోవచ్చు. నిజంలా కనిపించే అబద్ధాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

ముందు అసలు లోపం చూడండి. విజార్డ్ మీ టేబుల్‌ని చూసి ఫారం కట్టింది, మీ కాగితాన్ని చూసి కాదు. ఎంట్రీ చేసే మనిషి కళ్ళు కాగితం మీద ఉంటాయి. ఎడమచేతి వేలు కాగితంలో చదువుతున్న వరుస పక్కన, కుడిచెయ్యి నంబర్ ప్యాడ్ మీద. స్క్రీన్ వైపు తల తిప్పేది రికార్డుకి ఒకసారో రెండుసార్లో. ఇప్పుడు ఫారంలో పేరు, పుట్టిన తేదీ, ఫోన్, పోస్టల్ కోడ్, ఊరు, రిమార్కులు అని ఒక వరుస ఉందనుకోండి. కొన్నాళ్ళకి ఎవరో ఫోన్ పక్కనే "రెండో ఫోన్" గడి చేర్చారు. కంటికి పక్కనే ఉంది, కానీ యాక్సెస్ కొత్త గడిని ట్యాబ్ ఆర్డర్‌లో (ట్యాబ్ నొక్కితే కర్సర్ వెళ్ళే వరుసలో) చిట్టచివర పెడుతుంది. ఫోన్ కొట్టి, ట్యాబ్ నొక్కి, తల ఎత్తకుండా రెండో నంబరు కొట్టారు. కర్సర్ ఉన్నది పోస్టల్ కోడ్‌లో. అది షార్ట్ టెక్స్ట్ (అక్షరాలు, అంకెలు ఏవైనా పట్టే టైపు), సైజు 255 అక్షరాలు. అడ్డుకునేది ఏమీ లేదు కాబట్టి ఫోన్ నంబరు అక్కడే కూర్చుంది. మళ్ళీ ట్యాబ్. పోస్టల్ కోడ్ ఊరులోకి, ఊరు రిమార్కుల్లోకి వెళ్ళాయి. ఒక్క ఎర్రర్ రాలేదు, రికార్డు సేవ్ అయిపోయింది. దీన్ని మనిషి తప్పుగా లెక్కరాయడం అన్యాయం.

దిద్దుబాటు పెద్ద పనేమీ కాదు. డిజైన్ వ్యూలో (ఫారం అమరికను మార్చే చోట) రైట్ క్లిక్ చేసి ట్యాబ్ ఆర్డర్ తెరవండి. అందులో ఆటో ఆర్డర్ బటన్ ఉంటుంది, దాన్ని నమ్మకండి. అది ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి పేర్చుతుంది. ఫారం రెండు నిలువు వరుసల్లో ఉంటే కర్సర్ అటూ ఇటూ గెంతుతూ పోతుంది. కాగితం పక్కన పెట్టుకుని, అదే వరుసలో పేర్లను చేత్తో లాగి సర్దండి. లెక్కకట్టి చూపించే గడులకూ, ఆటోనంబర్ (యాక్సెస్ తనే వేసే నంబరు) గడికీ ట్యాబ్ స్టాప్ "నో" పెట్టండి, కర్సర్ అక్కడ ఆగదు. ఫారం సైకిల్ ప్రాపర్టీ (సెట్టింగ్) మామూలుగా "ఆల్ రికార్డ్స్" మీద ఉంటుంది, అంటే చివరి గడిలో ట్యాబ్ నొక్కగానే రికార్డు సేవ్ అయి తర్వాతది తెరుచుకుంటుంది. దాన్ని "కరెంట్ రికార్డ్"కి మార్చండి. ఆ తర్వాత మౌస్ పీకేసి, స్క్రీన్‌కి అట్ట అడ్డం పెట్టి ఒక కాగితం మొత్తం ఎక్కించి చూడండి. ఎక్కడ దారి తప్పిందో అట్ట తీయగానే తెలిసిపోతుంది. పనిలో పనిగా టేబుల్‌లో ప్రతి టెక్స్ట్ ఫీల్డ్ సైజునూ అవసరమైనంతకే కుదించండి. 255 అలాగే వదిలేయడం తలుపు బార్లా తెరిచి పెట్టడమే.

ఎంట్రీ చేసేవాళ్ళకి నాలుగు మీటలు నేర్పినా సగం శ్రమ తగ్గుతుంది. కంట్రోల్ పట్టుకుని అపోస్ట్రఫీ నొక్కితే పై రికార్డులో అదే గడి విలువ దిగుతుంది. కంట్రోల్, సెమీకోలన్ కలిపితే ఈరోజు తేదీ. ఎఫ్4 కాంబో బాక్సు (జాబితా నుంచి ఎంచుకునే గడి) జాబితాను తెరుస్తుంది. ఎస్కేప్ ఒకసారి నొక్కితే ఆ గడి, రెండోసారి నొక్కితే రికార్డు మొత్తం పాత స్థితికి వస్తుంది. ఏళ్ళ తరబడి ఎంట్రీ చేస్తున్నవాళ్ళకి కూడా ఇవి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక తప్పనిసరి ఫీల్డుల సంగతి. కాగితంలో పుట్టిన తేదీ లేదు, ఫారం వదలనంటోంది. ఇంకా కట్టెడు కాగితాలున్నాయి. ఎవరైనా ఏం చేస్తారు? 01-01-1900 కొడతారు. ఫోన్‌కి పది తొమ్మిదులు, పేరుకి ఒక చుక్క. ఇప్పటికే ఇలాంటివి ఎన్ని పడ్డాయో చూడాలంటే క్వెరీలో ఆ ఫీల్డ్ మీద గ్రూప్ బై (ఒకే విలువలను ఒక గుంపుగా చేర్చడం) పెట్టి, కౌంట్‌ని పెద్దది పైకొచ్చేలా సార్ట్ చేయండి. సహజంగా అన్నిసార్లు రాకూడని విలువలు వరసగా మీ కళ్ళముందు నిలబడతాయి. ఏది లేకపోతే ఆ రికార్డుకి అర్థమే లేదో దాన్నే తప్పనిసరి చేయండి. 40 ఫీల్డుల్లో అలాంటివి నాలుగైదుకి మించవు. మిగతావాటికి "తెలియదు" అనే ఎంపికను నిజంగానే ఇవ్వండి. దాంతోపాటు "కాగితం మళ్ళీ చూడాలి" అని ఒక ఎస్-నో గడి పెట్టండి. చేతిరాత అర్థం కానప్పుడు దాన్ని టిక్ చేసి ముందుకు పోతారు, సాయంత్రం అవన్నీ ఒకచోట ఫిల్టర్ చేసి చూసుకోవచ్చు. నన్నడిగితే ఈ ఒక్క గడి పదిహేను వాలిడేషన్ రూల్స్‌తో (తప్పుడు విలువను ఆపే నిబంధనలతో) సమానం.

డేటా టైపులు క్లుప్తంగా. దేన్ని మీరు కూడి, తీసి, హెచ్చవేయరో అది నంబరు కాదు, టెక్స్ట్. లాంగ్ ఇంటిజర్‌లో (పూర్ణాంకాల నంబరు టైపు) పట్టే అతి పెద్ద విలువ 2,147,483,647. పది అంకెల ఫోన్ నంబర్లలో చాలావరకు అందులో పట్టవు, మొదట్లో సున్నా ఉంటే అదీ పోతుంది. డబ్బుకి డబుల్ (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే నంబరు టైపు) వాడకండి, పైసల తేడాలు వస్తాయి. కరెన్సీ టైపు నాలుగు దశాంశ స్థానాల వరకు కచ్చితంగా నిలుపుతుంది.

తేదీలు మాత్రం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది మునిగేది ఇక్కడే. మీ మెషీన్‌లో రోజు/నెల/ఏడాది క్రమం ఉందనుకోండి. ఎవరో పొరపాటున 3/14 అని నెల ముందు కొట్టారు. పద్నాలుగో నెల లేదు కాబట్టి యాక్సెస్ ఏమీ అనకుండా తిప్పేసి మార్చి 14గా తీసుకుంటుంది. అదే మనిషి అదే అలవాటుతో 3/4 కొడితే తిప్పదు, ఏప్రిల్ 3 అవుతుంది. ఒకే పొరపాటు ఒకచోట సర్దుకుంది, ఇంకోచోట తప్పుగా మిగిలింది. తర్వాత ఎవరైనా చూస్తే కారణం అంతుపట్టదు. అందుకే గడి ఫార్మాట్‌లో నెల అక్షరాల్లో కనిపించేలా పెట్టండి. గడి దాటగానే "03-ఏప్రిల్" అని కనిపిస్తే తల ఎత్తిన ఆ ఒక్క క్షణంలోనే దొరికిపోతుంది. ఏడాదికి నాలుగు అంకెలూ కొట్టించండి, రెండంకెలు కొడితే అది ఏ శతాబ్దమో మెషీన్ సెట్టింగ్ తేలుస్తుంది. పుట్టిన తేదీ ఈరోజుని దాటకూడదన్న రూల్ టేబుల్‌లోనే పెట్టండి. కోడ్‌లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) రాసేటప్పుడు హ్యాష్ (#) గుర్తుల మధ్య తేదీని ఏడాది-నెల-రోజు క్రమంలో ఇవ్వండి. మెషీన్‌లో మీ సెట్టింగ్ ఏదైనా, అక్కడ 3/4 అని రాస్తే అది మార్చి 4 అనే లెక్క.

కాంబో బాక్సుకి బౌండ్ కాలమ్ (నిల్వయ్యే కాలమ్) 1, కాలమ్ కౌంట్ 2, మొదటి కాలమ్ వెడల్పు 0. అప్పుడు పేరు కనిపిస్తుంది, ఐడీ నిల్వ అవుతుంది. రో సోర్స్‌ని (జాబితా వచ్చే మూలాన్ని) పేరు ప్రకారం సార్ట్ చేయండి. ఆటో ఎక్స్‌పాండ్ (కొట్టిన అక్షరాలను బట్టి పేరును తనే పూరించడం) వల్ల ఒక ప్రమాదం ఉంది. రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే వాటితో మొదలయ్యే మొదటి పేరు కూర్చుంటుంది. దాదాపు ఒకేలా ఉన్న పేర్లుంటే తప్పుడు మనిషి ఖాతాలో ఎంట్రీ పడుతుంది. అలాంటిచోట మూడో కాలమ్‌గా కోడ్ చూపించండి. జాబితాలో లేని పేరును అప్పటికప్పుడు చేర్చే హక్కు అందరికీ ఇవ్వకండి, నెల తిరక్కుండానే ఒకే పేరు మూడు స్పెల్లింగులతో కనిపిస్తుంది.

వాలిడేషన్ కోడ్ ఎక్కడ రాస్తున్నారు? చాలామంది గడి తాలూకు బిఫోర్ అప్‌డేట్‌లో (మార్పు నిలవబోయే ముందు కోడ్ నడిచే ఈవెంట్) "ఖాళీగా ఉందా" అని పరీక్ష పెడతారు. ఆ గడిలో ఏదైనా మార్చితేనే ఆ ఈవెంట్ నడుస్తుంది. గడిని అసలు ముట్టుకోకుండా దాటిపోతే మీ పరీక్ష జరగనే జరగదు. ఖాళీల పరీక్ష, రెండు గడులను పోల్చే పరీక్ష ఫారం బిఫోర్ అప్‌డేట్‌లో ఉండాలి. తప్పు దొరికితే క్యాన్సిల్‌ని ట్రూ చేసి, ఫోకస్‌ని ఆ గడికి పంపాలి. ఒక్క గడికి సంబంధించిన హద్దుల్ని టేబుల్‌లోనూ పెట్టండి, ఎక్సెల్ నుంచి ఇంపోర్ట్ చేసే రోజున ఫారం కాపలా ఉండదు.

మీరు పెట్టిన "క్లోజ్" బటన్‌ని ఈరోజే సరిచూడండి. బటన్ వెనక ఉత్త డూకమాండ్ క్లోజ్ (ఫారం మూసే ఆదేశం) ఉంటే, రికార్డు రూల్ తప్పి సేవ్ కాలేని స్థితిలో ఉన్నా ఫారం మూసుకుపోతుంది. కొట్టిందంతా పోతుంది, ఒక్క హెచ్చరికా రాదు. చివర్లో "సేవ్ నో" అనో "సేవ్ ఎస్" అనో పెడితే కాపాడుతుందని కొందరి నమ్మకం. అది ఫారం డిజైన్ గురించిన మాట, డేటాకి దానితో సంబంధం లేదు. క్లోజ్‌కి ముందు వరుసలో, ఫారం డర్టీగా (ఇంకా సేవ్ కాని మార్పులతో) ఉంటే ఆ డర్టీ ప్రాపర్టీని ఫాల్స్ చేయండి. అది సేవ్‌ని బలవంతం చేస్తుంది, కుదరకపోతే అక్కడే ఎర్రర్ వచ్చి ఆగుతుంది.

ఇంకో మాట. ప్రతి రికార్డుకీ "విజయవంతంగా సేవ్ అయింది" అని మెసేజ్ బాక్స్ పెట్టేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. రోజుకి 300 రికార్డులంటే 300 ఎంటర్లు. వేలికి ఆ అలవాటు పట్టేశాక, "ఈ పేరుతో ఇంకో రికార్డు ఉంది, అయినా చేర్చాలా?" అన్న అసలైన ప్రశ్నకి కూడా చదవకుండానే ఎంటర్ పడుతుంది. సేవ్ అయిన కబురు ఫారం కింద చిన్న లేబుల్‌లో చాలు. మెసేజ్ బాక్స్ పెట్టక తప్పనిచోట డిఫాల్ట్ బటన్ "నో" ఉండేలా చూడండి.

ఇద్దరు ముగ్గురు ఒకేసారి వాడితే డేటాబేస్‌ని విడగొట్టండి. టేబుళ్ళు సర్వర్ మీద ఒక ఫైల్‌లో ఉండాలి, ఫారాలు ఎవరి మెషీన్‌లో వాళ్ళ కాపీలో ఉండాలి.

చివరగా, 40 ఫీల్డులన్నారు. వాటిలో ఫోన్1, ఫోన్2, ఫోన్3 లాంటివి ఉంటే అవి వేరే టేబుల్‌లోకి వెళ్ళి సబ్‌ఫారంగా (ఫారం లోపలి చిన్న ఫారంగా) రావాలి, రెండింటినీ జోడించే లింక్ మాస్టర్, లింక్ చైల్డ్ ఫీల్డులతో కలపాలి. కర్సర్ సబ్‌ఫారంలోకి దిగగానే మెయిన్ రికార్డు సేవ్ అయిపోతుందని గుర్తుంచుకోండి. కాబట్టి "కనీసం ఒక ఫోన్ ఉండాలి" అన్న పరీక్షను మెయిన్ ఫారం బిఫోర్ అప్‌డేట్‌లో పెడితే, కొత్త రికార్డుకి అది ఎప్పుడూ విఫలమే అవుతుంది. ఆ పరీక్ష "పూర్తయింది" అనే బటన్ వెనక ఉండాలి. ఆ 40 ఫీల్డుల పేర్లూ, కాగితంలో అవి ఉన్న వరుసా కామెంట్‌లో రాయండి, ఏవి విడదీయాలో చెప్తాను.